రెప్ప లేని చేప పాట

మా బిడ్డ నయనకు మేడ్చల్ అవతలి గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చిందని తెలిసిన రోజు మా ఆయన వాడకంతా మిఠాయి పంచాడు. నాకు మాత్రం ఒకటే దిగులు. అక్కడ దానికి పడుకునే ముందు పాట ఎవరు పాడతారు?

ఆ మాట పైకి అంటే మా ఆయన జైపాల్ నవ్వాడు.

"అది సదువుకోను పోతాందా, పండుకోను పోతాందా?"

ఆ పాట ఎవరో రాసింది కాదు, నాదే. మా ఆయన పొద్దున శామీర్‌పేట చెరువులో వల వేస్తాడు, పగలు ఆటో నడుపుతాడు. ఆయన పట్టిన చేపలను నేను రోడ్డు పక్కన కూర్చుని కోసి అమ్ముతాను. నయన పసిగుడ్డుగా ఉన్నప్పుడు పక్కనే గంపలో పడుకోబెట్టుకుని పొలుసు తీసేదాన్ని. అది నిద్రపోకుండా చేపలనే చూసేది. చేపల కళ్లు చచ్చినా మూసుకోవు కదా. దాన్ని చూసి, చేపలను చూసి, నోటికి ఇలా వచ్చింది:

చెరువుల శాపకేమొ కంటికి రెప్ప లేదు
రెప్పలున్న బిడ్డకేమొ కండ్లకు నిద్ర లేదు
పక్క తడుపకుండ పండు నా శాపపిల్ల నయన

మూడో వరుస అది పక్క తడిపే వయసులో కలిసింది. తడపడం ఎప్పుడో మానేసినా ఆ వరుస మాత్రం పాటలోంచి పోలేదు. నేను దాన్ని వదిలేసి పాడితే, "పూర్తిగ పాడలే, మల్ల పాడు" అని నయనే గొడవ పెట్టేది.

హాస్టల్లో చేరిన కొత్తలో నయన వార్డెన్ మేడం ఫోన్ నుంచి చేసేది. "అమ్మా, జెర్ర పాడవా" అని గుసగుసగా అడిగేది. చేతులకు పొలుసు అంటుకుని ఉన్నా, ముందు బేరం నడుస్తున్నా, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పాడేదాన్ని. చేపలు కొనేవాళ్లు ముఖముఖాలు చూసుకునేవారు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వింటేనే నాకు ఆ పూట అన్నం సయించేది.

వానలు ముదిరేసరికి పాట అడగడం మానేసింది. తల్లిదండ్రులను రానిచ్చే ఆదివారం నాడు పోతే, గదిలో పిల్లలంతా పాడుకుంటున్నారని ఒక కొత్త సినిమా పాట నాకు పాడి వినిపించింది. చేతులు ఊపుతూ, తల ఎగరేస్తూ ఎంత బాగా పాడిందో. ఇంటికి వచ్చి ఆ పాటను ఫోన్లో పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతిలో బడి మానిన దాన్ని, మధ్యమధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలకు నోరు తిరగలేదు. పక్కన జామకాయలు అమ్మే సుచిత్ర ఇంటర్ దాకా చదివింది. ఆమెతో పలికించుకున్నాను.

"గింత కష్టపడి టెన్త్ రాస్తే పాసైతుంటివి గదక్కా" అని ఆమె నవ్వింది.

మళ్లీ కలిసే ఆదివారం వచ్చింది. గురుకులం చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పి, చేప ముక్కకు ముల్లు తీసి పెడుతూ ఆ పాట అందుకున్నాను. నయన నవ్వలేదు. అటూ ఇటూ చూసింది.

"గది ఇప్పుడు ఎవ్వలు పాడుతలేరమ్మా. పాతదైపోయింది."

"మొన్ననే గదనే పాడినవ్?"

"మొన్న కాదమ్మా, నెలయింది. నెలంటే మస్తు. ఇప్పుడందరం కొరియా పాటలు పాడుతున్నం."

"గా భాష నీకొస్తదా?"

"రాదు. అర్థం గాకపోయినా మంచిగుంటది."

మచ్చ బొల్లారంలో పుట్టింటికి పోయినప్పుడు మా అమ్మ సాలమ్మతో ఈ సంగతి చెప్పుకుని కళ్ల నీళ్లు పెట్టుకున్నాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు నా పాటలు ఇన్నవా ఏందే భవానీ? సిన్నగున్నప్పుడు నేను నాట్ల పాట పాడితే ఒడ్డు మీద ఎగిరెటిదానివి. పెద్దమనిషివైనంక నేను నోరు దెరిస్తే చెవుల్ల తీగలు పెట్టుకుంటివి. గా జైపాలు ఆటోల పాటలేస్తే ఆటో ఎన్కనే పోతివి."

"అమ్మా!"

"అబద్ధమా?"

"మరి నీకు బాధ గాలేదా?"

"అయింది. ఎవ్వలికి జెప్పాలె?" చిక్కుడుకాయ పుటుక్కున విరిచింది. "నయన కడుపుల వడ్డంక వచ్చి, అమ్మా నీ పాటలు చెప్పవే అని అడిగినవ్. గప్పటికి నాకే సగం యాదికి లేకుండె."

ఆ సగం పాటలతో ఏం చేయాలో తోచకనే నా పాట నేను కట్టుకున్నాను. అమ్మ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. నయన కూడా ఎప్పటికో తిరిగి అడుగుతుంది. అప్పటిదాకా నా పాట నా నోట్లో ఉంటుందా?

దసరా సెలవులకు వారం ముందే బడిలో బతుకమ్మ పెట్టి, తల్లులను రమ్మన్నారు. పట్టుచీర కట్టుకుని పోయాను. నన్ను చూడగానే నయన పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ! బతుకమ్మ పాటలు మస్తు పాడుతది" అని స్నేహితులందరికీ చూపించింది. ఎన్నాళ్లకో ఆ చెయ్యి నా చేతిలోకి వచ్చింది. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

బతుకమ్మ ఆటలో ఒకరు పాట అందుకుంటే, చుట్టూ తిరిగేవాళ్లు చప్పట్లు కొడుతూ ఆ వరుసే మళ్లీ పాడాలి. అందరికీ వచ్చిన పాటలు అయిపోయాయి. "ఇంకెవరన్నా అందుకోండమ్మా" అని ఒక మేడం మైకు పట్టుకుని తిరిగింది. నయన నా మోచేతిని పొడిచింది. "నువ్వు పాడమ్మా!"

నాకు వచ్చినవన్నీ అప్పటికే పాడేశారు. మా అమ్మవి సగమే వచ్చు. మైకు నోటి ముందుకు వచ్చింది, బిడ్డ నా ముఖంలోకే చూస్తోంది. మొదటి నుంచి చివరి దాకా నాకు పూర్తిగా వచ్చిన పాట ఒక్కటే.

చెరువుల శాపకేమొ అని అందుకున్నాను. చప్పట్లకు సరిగ్గా కుదిరింది. పిల్లలందరూ తిరిగి పాడారు. రెండో వరుసకు మేడం కూడా నవ్వుతూ తల ఊపింది. నా పాటను అంతమంది పాడుతుంటే ఒళ్లు పులకరించింది. ఆ ఊపులో మూడో వరుస దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది.

పాడింది తిరిగి పాడటమే కదా ఆట. మాటలు ఎవరు ఆలోచిస్తారు? బడి బడంతా వంగి, చప్పట్లు కొట్టి పాడింది.

పక్క తడుపకుండ పండు నా శాపపిల్ల నయన.

ఆ తర్వాత నవ్వులు. ఒక మూల మొదలై బతుకమ్మ చుట్టూ తిరిగి వచ్చాయి. ఎవరో మళ్లీ పాడారు, ఇంకెవరో అందుకున్నారు. నయన చప్పట్లు ఆపేసింది. కంటికి రెప్ప లేనట్టు నన్నే చూస్తూ నిలబడిపోయింది.

సెలవులకు ఇంటికి వచ్చినా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం తలకు నూనె పెడుతుంటే, అటు తిరిగే చెప్పింది.

"పొద్దున లేస్తే అందరు నా పక్క ముట్టి సూస్తుండ్రమ్మా. తడిసిందా లేదా అని."

నా వేళ్లు దాని జుట్టులోనే ఆగిపోయాయి.

"మర్సిపోతరు బిడ్డా. నెలయితే ఏ పాటన్న పాతదైతదని నువ్వే అంటివి గదా."

"అన్ని పాటలు మారుతయ్ గని, గిది మారుతలేదు." కోపంగా కాదు, బతిమాలినట్టు అంది. "ఈసారి ఆదివారం బాపును ఒక్కన్నే పంపమ్మా. నువ్వు రాకు."

ఆ ఆదివారం వచ్చేసరికి ఇంటి దగ్గర ఉండలేకపోయాను. ఆటోలో కూర్చుని గేటు దాకా పోయాను, లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. తెల్లవారక ముందే లేచి పులుసు వండి, ముల్లు లేని ముక్కలు ఏరి డబ్బాలో పెట్టాను. దాన్ని పట్టుకుని మా ఆయన లోపలికి పోయాడు. గోడ అవతల పిల్లలు గుంపుగా ఏదో పాడుతున్నారు. ఏ భాషో తెలియలేదు. చెవులు రిక్కించి విన్నాను. అందులో నా బిడ్డ గొంతు ఏదో పోల్చుకోలేకపోయాను.

మా ఆయన తిరిగి వచ్చి డబ్బా సీటు మీద పెట్టాడు. బరువు తగ్గలేదు.

"తినలేదా?"

"శాపలు వద్దంట. ఇంకోసారి కోడికూర తెమ్మన్నది." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మంచిగనే ఉందే. నవ్వుకుంట ఉంది."

"నన్ను అడిగిందా?"

మా ఆయన ఆటో స్టార్టు చేశాడు.

శామీర్‌పేట తిరిగే మూల దాకా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మరిచిపోకూడదని లోలోపలే పాట అందుకున్నాను. మొదటి వరుస వచ్చింది, రెండోది వచ్చింది. మూడో వరుస నాలుక చివరికి వచ్చింది.

అక్కడే ఆపేశాను. పూర్తిగా పాడలేదని గొడవ పెట్టడానికి ఆటోలో ఎవరూ లేరు.