ఆటు వేళకి నాలుగో ట్రిప్పు

ఆ నౌకాదళ స్క్వాడ్రన్‌లో ఓడలు మూడు. పెద్దది హెలికాప్టర్లది. చిన్నది ముక్కు దగ్గరి తలుపులు తెరుచుకుని నేరుగా ఇసుక మీదికే ఎక్కేస్తుంది. నడిమిది తన వెనకభాగాన్ని నీళ్లలోకి దించి, కడుపులో దాచుకున్న పడవలను బయటికి వదులుతుంది. శత్రువు ఒడ్డున సైన్యాన్నీ ట్యాంకులనూ దింపడానికి కట్టిన ఓడలవి. ఆ రోజు వాటి మీద పడిన పని దానికి తలకిందులు. ఒడ్డున ఉన్నవాళ్లను ఎక్కించుకు రావాలి.

కొండ మీద అడవి మూడు రోజులుగా తగలబడుతోంది. ఊరికున్న ఒక్క దారినీ మంట మూసేసింది. జనం సముద్రం ఒడ్డుకొచ్చి పడ్డారు. పొగలో హెలికాప్టర్లు లేవలేదు. చిన్న ఓడ పక్క ఊరి జనంతో అక్కడే ఉండిపోయింది. మిగిలింది నడిమి ఓడ, దాని రెండు పడవలు. అందులో ఒకదాని ఇంజను పొద్దున్నే మొండికేసింది.

రెండో పడవ నడిపే సరంగు నలభై దాటినవాడు, మితభాషి. ఇంజను చూసే మెకానిక్ అతని చెల్లెలి మొగుడు. ఒకే పడవలో పనిచేస్తున్న రోజుల్లో, సరంగు అతన్ని ఒకసారి సెలవులకు తన ఇంటికి తీసుకెళ్లిన పాపానికి సంబంధం కలిసిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. "ఏ బావ మాట్లాడేది?" అని వైర్‌లెస్‌లో ఓడంతా ఆటపట్టించేది.

మూడు ట్రిప్పులు సాఫీగా నడిచాయి. నాలుగోసారి ఒడ్డుకు చేరేసరికి పదకొండున్నర.

"ఆటు మొదలైంది, నీళ్లు వెనక్కి పోతున్నాయి," అన్నాడు ఓడ కెప్టెన్ వైర్‌లెస్‌లో. "పది నిమిషాలకు మించి ఆగొద్దు. ఇసుక పట్టేసిందంటే సాయంత్రం దాకా కదల్లేవు."

పడవలో ఎనభై మందే పడతారు. ఒడ్డున నూట ఇరవై మంది దాకా ఉన్నారు. ఒడ్డు వెంబడి ఇళ్ల కప్పులు అంటుకుంటున్నాయి. మిగతా నలభై మందిని ఆపి, మళ్లీ వస్తామని చెప్పడానికి సరంగుకు నోరు రాలేదు. అందరినీ ఎక్కించాడు. పడవ ఇసుక మీద కూర్చుండిపోయింది. ఇంజను వెనక్కి లాగుతుంటే బురదనీళ్లు సుడి తిరిగాయి తప్ప అంగుళం కదల్లేదు.

మెకానిక్ పైకొచ్చాడు. "బరువు ఎక్కువైపోయింది బావా. ఇంకో అయిదు నిమిషాలైతే ఏం చేసినా లాభం లేదు."

"ఎంతమంది దిగాలి?"

"పదిహేను మందైనా. దిగి, తొయ్యాలి కూడా."

సరంగు జనం వైపు తిరిగాడు. ఎవరి కళ్లలోకి చూసి ఆ మాట అనాలో తోచలేదు. మెకానిక్కే గొంతు పెంచాడు. "ఈతొచ్చినవాళ్లు, సత్తువున్నవాళ్లు దిగండి. కదలగానే అంచు పట్టుకుని ఎక్కేద్దాం. నేనూ దిగుతున్నా."

"ఇంజనో?"

"అది బాగానే ఉంది. నువ్వు వెనక్కి లాగుతూ ఉండు, చాలు."

ఒక దర్జీ దిగాడు. బస్సు డ్రైవరు దిగాడు. తాపీ మేస్త్రీలు ఇద్దరు దిగారు. తెల్లజుట్టు పోస్టుమాస్టరు కూడా చొక్కా విప్పుతుంటే, పసిపాపను ఎత్తుకున్న కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీరెందుకు మామయ్యా? కుర్రాళ్లున్నారుగా."

"నేను దిగకపోతే ఇంకొకడు దిగాలిగా అమ్మా. పాపను జాగ్రత్తగా పట్టుకో."

మెకానిక్‌తో కలిపి పదిహేను మంది పడవ ముందువైపు భుజాలు ఆనించారు. మూడో ఊపుకు పడవ ఒక్కసారిగా జారింది, వాళ్లు అనుకున్నదానికంటే జోరుగా. జనం ఎక్కడానికి ముందువైపు వాల్చే ర్యాంపు సగమే లేచి ఉంది. దాని మీదుగా నీళ్లు లోపలికి దూకాయి. పది పన్నెండు చేతులు ర్యాంపు అంచును పట్టుకున్నాయి. ఆ బరువుకు అది ఇంకా కిందికి వంగింది. లోపల నీళ్లు మోకాళ్లకొచ్చాయి.

"ఎత్తెయ్ బావా," అన్నాడు మెకానిక్. తన చేతులు తనే వదిలేసి, పక్కవాళ్ల వేళ్లు విడదీస్తున్నాడు.

సరంగు మీట నొక్కాడు. ర్యాంపు లేచింది. వెనక్కి నడుస్తున్న పడవ కాబట్టి అతను ఒడ్డువైపు చూడక తప్పలేదు. నీళ్లలో తలలు కనబడ్డాయి. తర్వాత పొగ కమ్మేసింది. వెనక నుంచి ఎవరో ఆపమని అతని కాలరు పట్టుకుని గుంజుతున్నా వదిలించుకోలేదు.

జనాన్ని ఓడలో దింపి నేరుగా కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు.

"నీ పడవకు అక్కడ ఇప్పుడు లోతు లేదు," అన్నాడు కెప్టెన్.

"తెలుసండీ. రబ్బరు పడవలివ్వండి."

"ఆ పొగలోకి మనుషుల్ని ఎలా పంపమంటావు?"

"నేను వెళ్తాను సార్. మా చెల్లెలికి రేపు నేనేం చెప్పుకోను?"

కెప్టెన్ రెండు రబ్బరు పడవలనూ నలుగురు సైనికులనూ ఇచ్చాడు.

మెడలోతు నీళ్లలో, తడిచొక్కాలు మొహానికి చుట్టుకుని తొమ్మిదిమంది దొరికారు. మెకానిక్ లేడు. దర్జీ దగ్గుతూ చెప్పాడు. "పోస్టుమాస్టరుగారికి ఊపిరాడలేదండీ. పొగ పల్చగా ఉంటుందని మీవాడు ఆయన్ని సముద్రం లోపలికి తీసుకెళ్లాడు."

సరంగు సముద్రం వైపు పడవ తిప్పి, పొగలోకి బావా, బావా అని అరుస్తూ తిరిగాడు. గొంతు బొంగురుపోయింది. అరగంటకు, చేపల పడవలు కట్టుకునే, నీళ్ల మీద తేలే బోయా కడియంలో మోచెయ్యి ఇరికించుకుని వేలాడుతున్న మనిషి కనబడ్డాడు. ఒక్కడే ఉన్నాడు.

పడవలోకి లాగాక మెకానిక్ చాలాసేపు దగ్గాడు. పెదాలు బొబ్బలెక్కాయి.

"ఇందాకే జారిపోయాడు బావా. చెయ్యి మార్చుకుందామనుకున్నా. అంతే."

సరంగు అతని భుజాల చుట్టూ దుప్పటి కప్పాడు.

ఓడలో కోడలు పాపను ఎత్తుకుని, పడవలొచ్చే చోటే నిలబడి ఉంది. దిగుతున్న ఒక్కొక్కరినీ చూసింది. మెకానిక్ ఆమె వైపు అడుగు వేయబోతే సరంగు జబ్బ పట్టుకుని ఆపి, తనే వెళ్లాడు.

"ర్యాంపు ఎత్తింది నేనమ్మా."

ఆమె తిట్టలేదు. పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఇంకొక్కసారి వెళ్లి చూస్తారా అన్నా?" అంది.

వెళ్లాడు. చీకటి పడేలోగా మూడుసార్లు వెళ్లి చూశాడు. మిగతా అయిదుగురిలో ఎవరూ దొరకలేదు.