బెత్తెడు దూరంలో

ఆస్పత్రి లాండ్రీలో స్టోర్‌కీపరు మీద ఆమె ఫిర్యాదు ఒక్కటే. సబ్బుపొడి కోసం లోపలికి వెళ్లినప్పుడల్లా ఆ తాళాలగుత్తి పెద్దమనిషి రెండు ర్యాకుల మధ్య సందులో నిలబడి, "రామ్మా, దారుందిగా" అంటాడు. దారి బెత్తెడు ఉంటుంది. మిగతాదంతా ఆయన పొట్ట, ఆయన చెయ్యి. రోజుకి నాలుగుసార్లు. సూపర్‌వైజరమ్మతో చెప్తే, "కూతురికి పెళ్లి చేసిన మనిషి, నీకెందుకలా అనిపించిందో" అంది. మొగుడు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఒద్దికగా పక్కకి తిరిగి పోలేవా" అన్నాడు. ఒద్దిక అనే మాట కనిపెట్టినవాడెవడో గానీ, వాడు ఎప్పుడూ అలాంటి సందులో దూరి ఉండడు.

సైకిల్ షాపు మేడ మీద చైనా యుద్ధవిద్యలు నేర్పుతారని బోర్డు చూసి, ఒక సాయంత్రం మెట్లెక్కింది. ఒక మూల కుర్రకారు ఎగిరెగిరి గాల్లో తన్నుతున్నారు. ఇంకో మూల పెద్దవాళ్లు నీళ్లలో నడుస్తున్నంత మెల్లగా చేతులు తిప్పుతున్నారు. అది తాయ్ చీ అట. ఇంట్లో చెప్తే ఆడపడుచు పడీ పడీ నవ్వింది. "వదినా, నలభై మూడేళ్లకి ఎగిరి తంతావా? ముందు మా అన్నయ్యకి బీమా చేయించాలి." మొగుడు మాత్రం, "ఆ మెల్లగా చేసేదైతే నేర్చుకో. నడుం నొప్పి తగ్గితే పనికి అడ్డం రాదు" అని అనుమతి పారేశాడు. నడుం ఆమెది, పని వాళ్లది.

నేర్పే ఆవిడకి అరవై దాటాయి. అందరూ టీచరమ్మ అంటారు. ఏది నేర్చుకుంటావని ఆవిడ అడగలేదు. "వాడు ఎంత దూరంలో నిలబడతాడు?" అంది. వాడొకడున్నాడని ఆమె ఇంకా చెప్పనేలేదు. నాలుగు వేళ్లు దగ్గరపెట్టి చూపించింది.

"అయితే కాలెత్తే చోటు లేదు. నీకు వింగ్ చున్ పనికొస్తుంది, దగ్గర నిలబడి చేతులతో చేసే విద్య. ఆడమనిషే పుట్టించిందని చెప్పుకుంటారులే."

ముంజేతులు ఆనించి నిలబడి, ఎదుటి చెయ్యి ఎటు వస్తోందో చర్మంతోనే కనిపెట్టాలి. టీచరమ్మ చెయ్యి ముందుకి రావడమే ఆలస్యం, ఆమె రెండు చేతులూ చాచి, ఏదో అప్పగించినట్టు వదిలేసి, అడుగు వెనక్కి వేసేది. వారమంతా ఇదే తంతు. "నా చేతిలో ఏం పెడుతున్నావే నువ్వు?" అని టీచరమ్మ విసుక్కుంటే, ఒక్క క్షణం ఆలోచించి తనే నవ్వేసింది. దుప్పటి కొసలు. పంతొమ్మిదేళ్లుగా లాండ్రీలో ఇద్దరేసి నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నారు. ఎదుటి మనిషి దగ్గరికి రాగానే కొసలు ఆవిడ చేతిలో పెట్టి వదిలెయ్యాలి. ఇంట్లోనూ అంతే కదా అనిపించింది. జీతం, ఆదివారాలు, ఫ్యాను కింద చోటు, ఎవరు దగ్గరికొస్తే వాళ్ల చేతిలో పెట్టెయ్యడమే.

"ఈసారి ఇవ్వకు. మోచెయ్యి పక్కటెముకల దగ్గర పెట్టుకుని అక్కడే ఉండు" అంది టీచరమ్మ. ఉండటం వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది.

ఒక సోమవారం స్టోర్‌లో ఆ చెయ్యి నడుం వైపు వచ్చింది. ఆమె ముంజెయ్యి అప్పటికే అక్కడుంది. కొట్టలేదు, ఇవ్వలేదు, అంతే. ఆయన నెట్టాడు. ఆ నెట్టుడు పక్కకి జారిపోయి ఆమె అడుగు ముందుకి పడింది, ఆయన వీపు ర్యాకుకి కొట్టుకుంది.

"ఏంటమ్మా ఈ మోటుతనం?" గొంతు సన్నబడింది.

"మీ కుర్చీ అటుందండీ. అక్కడ కూర్చుని ఇవ్వండి."

ఆరోజు మూడోసారి వెళ్లేసరికి ఆయన కుర్చీలోంచే సబ్బుపొడి డబ్బా ఇటు తోశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే, మొగుడు అంతా విని, "సరే, పనైపోయిందిగా. ఇక ఆ క్లాసులు మానెయ్. వంట ఆలస్యమవుతోంది" అన్నాడు.

"మానను. క్లాసున్న రోజు వంట మీరు చెయ్యండి."

ఆయన గడియారం వైపు చూశాడు. "ఇవాళ క్లాసు లేదుగా, మరెందుకింత లేటు?" అన్నాడు.

ఇంటికొస్తూ ఆమె బస్సులో నిద్రపోయింది. ఇన్నేళ్లూ సంచి గుండెలకి హత్తుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్న మనిషి, కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని, పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చూడకుండా నిద్రపోయింది. కండక్టరు లేపితే గానీ మెలకువ రాలేదు. వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. జరిగిన నష్టమల్లా రెండు స్టాపులు, నలభై నిమిషాలు.