నీళ్ళ ఇంజనులో మిగిలిన ముక్క

పరాయివాడి ఇంజను మీద చెయ్యి వేసిన తోడల్లుడిది తప్పు. అందులో వాదించడానికేమీ లేదు.

పెరట్లో కూరమళ్ళు ఎండిపోతున్నాయి. బావిలో నీళ్ళున్నాయి. వాటిని తోడే ఇంజనే మొరాయించింది. ఒక మనిషి ఎత్తి పక్కన పెట్టగలిగేంత చిన్న పెట్రోలు ఇంజను, తాడు చుట్టి లాగితే తిరిగే రకం. ఇంటాయన భార్య పోయినప్పటినుంచీ అది ఒక్కనాడూ సరిగా అందుకోలేదు. ఆవిడ ఉండగా పొద్దున్నే ఆవిడే వేసేది. ఆయన ఇంకా మంచం దిగకముందే డుగడుగమని మోగేది. అది నా చేతి మహిమ, అనుకునేవాడాయన పక్క మీద దొర్లుతూ. మరి దాన్ని పాతసామాను కొట్లోంచి మోసుకొచ్చి, వరండాలో గోనెసంచి పరిచి, నట్టు నట్టూ విప్పి బాగుచేసింది ఆయనే కదా.

ఒక్కదానికే విసుక్కునేవాడు. భోజనానికి కూర్చుంటే ఆవిడ ఎడమచేతి నుంచి పెట్రోలు వాసన కొట్టేది. "నా డబ్బా ముట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పాలే?" అని కసిరేవాడు. ఆవిడ లేచి వెళ్ళి మళ్ళీ సబ్బుతో కడుక్కొచ్చేది.

ఇప్పుడు ఇంజను మళ్ళీ గోనెసంచి మీదకి చేరింది. ప్లగ్గు మార్చాడు. కార్బురేటరు నానబెట్టి, పెట్రోలు వచ్చే జెట్టు కన్నాన్ని సన్నతీగతో పొడిచి శుభ్రం చేశాడు. పిస్టనుకి కొత్త రింగులు వేశాడు. తాడు లాగి లాగి భుజం పడిపోయింది. ఇంజను జలుబు చేసిన పిల్లిలా ఒకసారి తుమ్మి ఊరుకునేది.

సరిగ్గా అలాంటప్పుడే తోడల్లుడు గేటు తోసుకుని వచ్చాడు. వెనకాలే వాడి భార్య, పోయినావిడకి సొంత చెల్లెలు.

తోడల్లుడంటే ఆయనకి మొదటినుంచీ గిట్టదు. వాడిల్లు అదే వీధి చివర. వాడూ ఇంటి దగ్గరే పాత మిషన్లు బాగుచేస్తాడు. ఎవరి గడ్డి కోసే మిషను ఆగినా, ఎవరి మోపెడు మూలిగినా ఈయన గుమ్మం దాటించి, ఈయన చూస్తుండగానే వాడి షెడ్డుకి తోసుకుపోతారు. ఆ షెడ్డులో పానాలు గోడకి వరసగా, చిన్నదాని పక్కన పెద్దది వేలాడుతుంటాయి. ఈయన పానాలు బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అత్తగారింట్లో మొదటినుంచీ ఒకటే మాట: చిన్నల్లుడి చెయ్యి పడితే చాలు, తిరగనిది ఉండదు; పెద్దల్లుడూ కష్టపడతాడు, పాపం. ఆ 'పాపం' ఆయనకి ఈనాటికీ అరగలేదు.

"ఏంటన్నయ్యా, ఇంకా సతాయిస్తోందా?" అన్నాడు వాడు చొక్కా చేతులు మడుస్తూ.

"కొత్త రింగులు. కాస్త అరిగితే అదే సర్దుకుంటుంది."

"రింగులా? వాటికేమైందని మార్చారు?"

"నీకు పని లేకపోతే నీ షెడ్డుకి పో."

"బావా, ఒక్కసారి చూడనివ్వు," అంది మరదలు. "మళ్ళు చూడు ఎలా నెర్రెలిచ్చాయో. అక్క చేత్తో వేసినవి."

ఆ మాటకి ఆయన పక్కకి జరిగాడు. జరగకుండా ఉండాల్సింది.

వాడు పానా అడగలేదు. ప్లగ్గు వంకైనా చూడలేదు. వంగి, ఎడమ అరచేత్తో కార్బురేటరు మూతి మూసి, కుడిచేత్తో తాడు ఒక్క లాగు లాగాడు. ఇంజను అందుకుంది. చెయ్యి తీశాడు. డుగడుగడుగ. పైపు ఒళ్ళు విరుచుకుని మళ్ళలోకి నీళ్ళు కక్కింది.

ఆ చప్పుడే. ఆవిడ వేసినప్పటి చప్పుడే. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎక్కడ నేర్చుకున్నావిది?"

"నేర్చుకోవడమేంటి? వదినకి చెప్పిందే నేను."

"ఎప్పుడు?"

వాడు భార్య వంక చూశాడు. ఆవిడ తల దించుకుంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, చెప్పేశాడు. "మీరు దీన్ని బాగుచేసిన కొత్తల్లో. ఎంత లాగినా అందుకోవట్లేదని మా షెడ్డుకొచ్చింది. నేనొచ్చి చూస్తే దీనికి చోక్ పలకే లేదు. చల్లటి ఇంజనుకి మొదట గాలి తగ్గించాలి కదన్నయ్యా, దానికే ఆ పలక. ప్రస్తుతానికి చెయ్యి అడ్డం పెట్టు, పలక తెచ్చి బిగిస్తానన్నాను. వద్దంది. 'మీ అన్నయ్య ముచ్చటపడి చేసుకున్నారు, ఆయన బిగించింది విప్పకు' అంది."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికి తెలుస్తుంది, మన ఇంట్లోవాళ్ళకే."

ఇంట్లోవాళ్ళలో తను లేడు.

మరదలు చేతిసంచిలోంచి తాళాల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. "అక్క బీరువా సర్దడానికి తీసుకెళ్ళినవి బావా. ఇవ్వడం మర్చిపోయాను."

తాళాల మధ్య గుండ్రటి ఇత్తడి పలక ఒకటి ఊగుతోంది, రెండు కన్నాలతో. ఆయన గుర్తుపట్టాడు. ఇంజను బిగించడం అయ్యాక గోనెసంచి మీద మిగిలిపోయిన ముక్క అది. "కంపెనీవాడు బరువు కోసం పెట్టి ఉంటాడు. ఇది లేకుండానే తిప్పుతా చూడు," అని ఆవిడ ముందు పెద్ద గొప్పగా పెరట్లోకి విసిరేశాడు. తరవాత ఎప్పుడో గుత్తికి కనపడితే, ఇదెందుకన్నాడు. "మెరుస్తోందని," అంది.

అన్నాళ్ళూ ఆయన పెరట్లో మోగింది ఆయన పనితనం కాదు, వాడి చిట్కా. ఎవడి చెయ్యి పడితే చాలునని ఈయన చెవులు పగిలేలా విన్నాడో వాడి చిట్కా, పొద్దున్నే, ఈయన పెళ్ళాం చేత్తో. తను పక్క మీద పడుకుని మురిసిపోయింది దానికి.

"ఇలా ఇవ్వండి," అన్నాడు వాడు. "రెండు స్క్రూలు. టీ కాగేలోపు బిగించేస్తా."

"చెయ్యి తియ్యి."

"రేపు మళ్ళీ మొరాయిస్తే?"

"నా ఇంజను. నా తంటాలు. మీరు వెళ్ళండి."

వాళ్ళు టీ తాగకుండానే వెళ్ళారు. ఆయన ఉండమనలేదు.

మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంజను ముందు కూర్చున్నాడు. పలక బిగిస్తే ఇంజను తనదవుతుంది, వాడి చిట్కాతో పని ఉండదు. కాని ఆ మూతి మీద ఇక ఏ చెయ్యీ పెట్టక్కర్లేదు. ఆవిడ చెయ్యి ఆనిన చోట మూతి ఇత్తడి తళతళలాడుతోంది, మిగతా ఇంజనంతా మసి. నిన్న అక్కడ వాడి చెయ్యి పడింది. అదే ఆయనకి మింగుడుపడలేదు.

గుడ్డతో ఆ మూతిని గట్టిగా తుడిచాడు. స్క్రూడ్రైవరు డబ్బాలో పడేశాడు. ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి తాడు లాగాడు. అందుకోలేదు. మళ్ళీ లాగాడు, ఇంకోసారి. వాడికైతే ఒక్క లాగుకే. పళ్ళు బిగించి మళ్ళీ లాగితే అందుకుంది, అరచేతి నిండా పెట్రోలు చిమ్మింది. చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి తిండికి కూర్చున్నాడు.

చప్పుడు విని వాడు గేటు దగ్గరికొచ్చాడు. "అన్నయ్యా, పలక బిగించారా?"

ఆయన తలెత్తలేదు.

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. వెళ్తూ ఆ గేటు వెయ్యి."