కమిటీ పంపిన పదకొండు పేజీలు

ప్రొఫెసర్ పదవికి తూర్గున్ దరఖాస్తు పెట్టడం ఇది మూడోసారి. వచ్చే ఏడు అరవై నిండుతాయి, ఇక నాలుగోసారి అన్న మాటే లేదు. బెర్గెన్ విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా ఆమె చెప్పేది వ్యాఖ్యానశాస్త్రం. ఎదుటివాడు రాసింది ఎలా చదవాలి, ఎలా అర్థం చేసుకోవాలి, అంతే. అందులో ఆమె దిట్ట అని నార్వే అంతా ఒప్పుకుంటుంది, పదవి మాత్రం ఇవ్వదు.

కమిటీలోని ముగ్గురు నిపుణులు ఆమె పుస్తకాలన్నీ చదివి పదకొండు పేజీల నివేదిక పంపారు. పదవి ఇవ్వొద్దన్నారు. అభ్యంతరాలుంటే రెండు వారాల్లోగా రాసి పంపుకోవచ్చు.

"'ఇతరులు ఏమన్నారో ఈమెకంటే బాగా చెప్పేవారు లేరు. ఈమె ఏమంటారో మాత్రం మాకెక్కడా దొరకలేదు'ట! చూశావా?" అంది తూర్గున్ ఒళ్లు మండిపోయి. "చదవకుండా రాశారు, వెధవలు."

ఫెర్రీ డ్యూటీ దిగి వచ్చిన భర్త శూర్ రొట్టె మీదకి జున్ను కోసుకుంటున్నాడు. "చదవకుండానే పదకొండు పేజీలా! గట్టివాళ్లే."

"నువ్వు నోర్మూసుకుని తిను."

తరగతిలో ఆమెది ఒకటే నియమం. ఎవరినైనా తప్పుపట్టే ముందు, వాళ్లే విని "అవును, మేమన్నది ఇదే" అనేంత బాగా వాళ్ల మాట చెప్పాలి. అలా చెప్పలేదని ఎందరి వ్యాసాలు తిప్పి పంపిందో! అందుకని తన జవాబులోనూ ముందు కమిటీ మాటే చెప్పబోయింది. దానికో ఉదాహరణ కావాలి. తన రెండో పుస్తకం తీసింది. ప్రతి అధ్యాయం చివరా ఇంకొకరి మాటే ఉంది. మొదటి దాంట్లోనూ అంతే. మూడోది తెరవడానికి భయమేసింది. అయినా తెరిచింది.

మధ్యాహ్నానికి కమిటీ వాదన రెండు పేజీలు తయారైంది. వాళ్లు రాసినదానికన్నా బాగా కుదిరింది. దానికి జవాబు మాత్రం ఒక్క ముక్క రాలేదు.

మర్నాడు శూర్ అడిగాడు. "పంపావా?"

"పంపాను. ఒక్క వాక్యం."

"ఏమని?"

"మీరు నన్ను సరిగ్గానే చదివారు అని."

"మరి పదవి?"

"పోయింది." తూర్గున్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"పోనీలే. వాళ్ల మీద అంత కోపం పెట్టుకోకు."

"కోపం కాదు శూర్. నా పుస్తకాలు మూడూ ఆఖరి పేజీదాకా చదివింది వాళ్లొక్కళ్లే. నువ్వు కూడా చదవలేదు కదా?"