తాళాలు ఎవరికివ్వాలి

నాకు విసుగొచ్చేసింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నొచ్చుకోవద్దు.

ఇంటర్నెట్‌లో వెళ్ళే ప్రతి సమాచారానికీ మధ్యలో ఎవరో ఒకరు దారి చెప్పాలి. చెప్పే యంత్రం రౌటర్. దాని బుర్రలో ఉండే ప్రోగ్రాం మాది. మాది అంటే ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, బాగుచేసి మార్పులు పంపవచ్చు. కాలేజీలు, చిన్న ఇంటర్నెట్ కంపెనీలు, ఎక్కడెక్కడివాళ్ళో వాడుతున్నారు. వచ్చిన మార్పులు చదివి, మంచివి కలిపి, చెత్తను తిప్పి పంపే పని మాత్రం ఏళ్ళ తరబడి నా నెత్తినే ఉంది. ఆ కలిపే అధికారాన్ని మేం తాళాలు అంటాం. పగలంతా వేరే ఉద్యోగం, మిగిలిన ప్రాణం దీనికి. సవ్యంగా నడిచినన్నాళ్ళూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఎక్కడైనా ఆగిందా, ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా నా మీద విరుచుకుపడతారు.

మా అక్క నర్సు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. పోయిన నెల నేను వంటింట్లో కళ్ళు తిరిగి పడ్డాను. అక్క బీపీ చూసి, ఆ పట్టీ నా చేతికి ఉండగానే చీవాట్లు పెట్టింది.

"ఇలాగే ఉంటే నిన్ను మా వార్డులో చూడాల్సొస్తుంది. ఆ తాళాలేవో ఎవరి మొహానన్నా కొట్టు."

"ఎవరి మొహాన కొట్టనక్కా? పుచ్చుకునేవాళ్ళుండాలిగా!"

పుచ్చుకునేవాడు దొరికాడు, మాకు మార్పులు పంపేవాళ్ళలోనే. అతనికి నేను పెట్టుకున్న పేరు తేనెసీసా. "మీరు బాగా అలిసిపోయారు మేడమ్, నేనున్నాగా" అని రాసేవాడు. ఆ మాటలు చదువుతుంటే హాయిగా ఉండేది, కాదనను. ఇంకొకాయన ఉన్నాడు, గొణుగుడాయన. ఏదో లైబ్రరీలో నెట్‌వర్క్ చూసుకుంటాడట. ఎవరు ఏం పంపినా వంకలే. ఇక్కడ ఖాళీ ఎక్కువైంది, ఆ పేరు బాగోలేదు, ఈ వాక్యం అర్థం కాలేదు. ఆయన పేరు తెర మీద కనిపిస్తే చాలు, నాకు తలనొప్పి మొదలయ్యేది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎంతటివాళ్ళు రాసినా సరే, ఇంకొకరు చదివి ఒప్పుకోనిదే ఏదీ కలపకూడదు. నాకూ మినహాయింపు లేదు. సెలవు రోజు పొద్దున్నే నా చివరి మార్పు పంపాను. తేనెసీసా దాన్ని చదివి సరేనంటే, తాళాలు అతనికి అప్పగించి చేతులు దులుపుకుందామని నా ఆలోచన.

మార్పు చిన్నదే. పక్క రౌటర్ ఉన్నట్టుండి మూగబోతే, అది చెప్పిన దారుల్ని వెంటనే చెరిపేయకూడదు. కాసేపు ఆగాలి. చాలాసార్లు అదే మళ్ళీ లేస్తుంది. లేవకపోతే అప్పుడు చెరపాలి.

కాఫీ కలుపుకుని వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది. "అద్భుతం మేడమ్! కలిపేయొచ్చు." ప్రాణం లేచొచ్చింది. అప్పగింత గురించి అందరికీ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. అంతలో గొణుగుడాయన ఊడిపడ్డాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. అయినా చాంతాడంత రాశాడు. ఒళ్ళు మండిపోయింది. ఈయనకి పనీపాటా లేదా అని గట్టిగానే అరిచాను. చివరి వంక ఇది: "మీరు ముందు దారులు చెరిపేసి, తర్వాత ఆగుతున్నారు. చెరిపేశాక ఇంకా దేనికోసం ఆగడం?"

మళ్ళీ చూశాను. రెండు పంక్తులు తారుమారయ్యాయి. పక్క రౌటర్ తిరిగి లేచాక దారులు ఉన్నాయా లేదా అన్నదే, ప్రతి మార్పునీ తనంతట తానే సరిచూసే మా పరీక్ష ప్రోగ్రాం చూస్తుంది, మధ్యలో ఏమైందో చూడదు. అందుకే దొరకలేదు. అలాగే వెళ్ళిపోయి ఉంటే, ఒక రౌటర్ తుమ్మినప్పుడల్లా దాని వెనకున్నవాళ్ళందరికీ ఇంటర్నెట్ పోయేది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తేనెసీసా అసలు చదవనే లేదు. తీయగా మాట్లాడాడని ఇంతమంది దారులు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టబోయాను. అతని మీదకన్నా నా మీదే కోపమొచ్చింది.

గొణుగుడాయన నంబరు పాత ఉత్తరంలో దొరికితే ఫోన్ చేశాను. గొంతు వినడం అదే మొదలు.

"ఆ చివరిది నిజమేనండీ. మిగతావన్నీ మీ చాదస్తం," అన్నాను.

"చాదస్తమే. చదవడం మొదలుపెడితే ఆపుకోలేను."

"తాళాలు మీరు తీసుకోండి."

"నాతో ఎవరూ వేగలేరండీ. ఇన్నాళ్ళూ మీరొక్కరే వేగారు."

"వేగలేకే ఇస్తున్నాను."

దగ్గొచ్చేదాకా నవ్వాడాయన. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తీసుకుంటాను. కానీ మీలా ఒంటరిగా మోయను. ఇంకో ఇద్దర్ని పోగేస్తాను. మీరు కూడా ఎప్పుడో ఆ పని చేయాల్సిందండీ."

అదీ వంకే. కాకపోతే నిజమైన వంక.

మధ్యాహ్నానికి తాళాలు ఆయనకి వెళ్ళిపోయాయి. తారుమారైన ఆ రెండు పంక్తులూ సరిచేసి పంపేద్దామని మళ్ళీ లాప్‌టాప్ ముందుకు లాక్కున్నాను. నా మార్పు కింద అప్పటికే ఆయన రాసి ఉంచాడు: "దీన్ని ఆపి ఉంచుతున్నాను. తొందరేమీ లేదు. బాగా నిద్రపోయి లేచాక పంపండి."

ఈ పనిలో అడుగుపెట్టినప్పటి నుంచి నాకు అర్జెంటు అన్నవాళ్ళే తప్ప, తొందర లేదన్న మనిషి తగల్లేదు. ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను. అక్క డ్యూటీ నుంచి వచ్చి, నా వాలకం చూసి, భుజం మీదుగా తొంగి చదివింది.

"రోజూ తిట్టిపోసేదానివి, ఈయన్నేనా?"

"ఈయన్నే," అని నవ్వబోయాను. ఏడుపొచ్చింది. అక్క సంచీ కింద పెట్టి, లాప్‌టాప్ మూసేసి, నా పక్కన కూర్చుంది.