తళిగకు వంకపెట్టిన ముక్కు

మా ఆయన శఠగోపంగారు యూనివర్సిటీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఆయనకు తెలియనిది లోకంలో లేదు. కావాలంటే ఆయన్నే అడగండి.

మా ఇంట్లో పెరుమాళ్ళకు నైవేద్యంగా పెట్టే తళిగను వండేవాళ్ళు ముందుగా రుచి చూడకూడదు, వాసనా చూడకూడదు. ఆరగింపయ్యాక ఎలా ఉందో చెప్పే అధికారం ఈయనది. ఆరేళ్ళ కిందట పులిహోర నోట్లో పెట్టుకుని, "ఇంగువ వాసనే లేదే. నీ చెయ్యి పోయినాది" అన్నారు. నాకు వాసన వస్తోందండీ అంటే, "వండినదానికి తన వంట కమ్మగానే ఉంటాది" అని కొట్టిపారేశారు. ఆ నెలలోనే తళిగ వండే పని తన చెల్లెలు కోమలవల్లికి అప్పజెప్పారు. ఆమె వండితే మాత్రం వీధి చివరి దాకా ఘుమఘుమేనట. ముప్పై ఏళ్ళు తళిగ చేసిన నేను ఆమెకు కూరగాయలు తరిగిచ్చేదాన్నయ్యాను. నిజంగానే నా చెయ్యి పోయిందేమోనని ఏడ్చాను కూడా. అది తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

పోయిన నెల తలనొప్పి భరించలేక ముక్కు డాక్టరు దగ్గరికి బయల్దేరారు. తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు శేషసాయి చిన్నవాడు, నెమ్మదస్తుడు.

"సైనస్ నిండా చీముండాది సార్. లోపల కండలు పెరిగినాయి, ముక్కు దూలం కూడా వంకరగా ఉండాది. ముక్కులోంచే సన్న కెమెరా గొట్టం పంపి సరిచేస్తాను. బయట కోత ఉండదు."

"వంకరే కదప్పా, ఎముకలకేసే పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా?" అన్నారు మా పండితులు.

"ముక్కుకు కట్టు కడితే గాలి యాడినుంచి పీలుస్తారు సార్?" అని, "వాసన ఎన్నాళ్ళుగా తెలీడం లేదు?" అని అడిగాడు డాక్టరు.

ఈయన నా వైపు చూడలేదు. "ఏడేళ్ళయ్యుంటాది" అన్నారు.

ఏడేళ్ళట. మొద్దుబారిన ముక్కు పెట్టుకుని నా చేతికి వంక పెట్టిన మనిషి! ఒళ్ళు మండిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నిన్న పొద్దున కాఫీ వాసన తెలిసిందని ఇల్లంతా తిరిగి చెప్పారు. తప్పయిందన్న మాట మాత్రం ఆ నోట రాలేదు.

"వచ్చే తిరునక్షత్రం పండగకు తళిగ నువ్వే చెయ్యి. ఎట్లుండాదో చూసి చెప్తాను" అన్నారు, వరమిస్తున్నట్టు.

"చేస్తాను. ఎట్లుండాదో నేను చెప్తాను, మీరు తినండి" అన్నాను.