మెలకువ కాపలా

పత్తి చేలో వరుస కట్టిన ఆడవాళ్ల మధ్య నుంచి పిలుపు మళ్లీ వచ్చింది.

"సింధూ."

గట్టు మీద కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల "ఆఁ" అంది. చేతులు పత్తి తీస్తుండగానే ఒకరి తర్వాత ఒకరు పిలుస్తారు, పిల్ల పలకాలి. ఆలస్యమైతే దగ్గరున్న మనిషి మట్టిపెళ్ల విసురుతుంది.

"ఏమే దొరసానీ, పరుపు తేవాల్నా?" అంది ముఠా మేస్త్రి ఉప్పలమ్మ. పిల్ల నవ్వబోయి ఆవులించింది.

పిల్లను ఇలా నిద్రపోనివ్వకుండా ఉంచడాన్ని తండాలో ఎవరూ తప్పనుకోలేదు. సింధుకు మూర్ఛ నిద్రలో వస్తుంది. నిద్రే పోకపోతే మూర్ఛ ఎక్కడి నుంచి వస్తుందని తాత మంగ్త్యా అన్నాడు. రాత్రుళ్లు కూడా వంతులేసుకుని పిల్లను కదుపుతూనే ఉన్నారు. మంగ్త్యాది ఉత్త మూఢత్వం కాదు. ఆయన చిన్న కొడుకు కిష్ట్యా ఈ వయసులోనే నిద్రలో మూర్ఛ వచ్చి, తెల్లారేసరికి చల్లబడిపోయాడు.

సింధు తల్లి నీలాకు ఇంకో దిగులు పట్టుకుంది. పిల్లకు ఏదీ గుర్తుండడం లేదు. నిన్న అప్పజెప్పిన ఎక్కాన్ని ఇవాళ కొత్తదానిలా చూస్తుంది. అంతకన్నా కష్టం నానమ్మ సంగతి. ముసలామె వానాకాలంలో పోయింది. ఈ పొద్దున సద్ది కడుతుంటే, "యాడీ, నానమ్మ ఎప్పుడొస్తది?" అని పిల్ల తల్లిని అడిగింది. చెప్పక తప్పలేదు. చెప్పిన ప్రతిసారీ పిల్ల ఆ చావు అప్పుడే తెలిసినట్టు వెక్కివెక్కి ఏడుస్తుంది. నీలా ఒక్క అత్తను ఎన్నిసార్లు చంపాలి?

ఎండ నడినెత్తికి వచ్చాక ఒక పిలుపుకు జవాబు రాలేదు. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు బిగుసుకుని, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. నీలా నడుముకున్న పత్తి ఒడి విప్పకుండానే పరుగెత్తింది. బోరు దగ్గరున్న మంగ్త్యా రోడ్డెక్కి ఆటో ఆపాడు.

సూర్యాపేట దవాఖానలో సూది మందుకు పిల్ల కుదుటపడింది. రోజూ ఎంతసేపు పడుకుంటుందని డాక్టరమ్మ అడిగింది. నీలా అంతా చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"నిద్ర ఆపితే మూర్ఛ ఆగదమ్మా, ఎక్కువైతది. పగలు విన్నదీ, చదివిందీ తలలో కుదురుకునేది నిద్రలనే. మీరు దాన్ని కుదురుకోనిస్తలేరు."

"పండుకున్నది లేవకపోతే?" అంది నీలా.

డాక్టరమ్మ మందుల చీటీ రాసిచ్చింది. మాత్రలు ఒక్క పూట కూడా తప్పొద్దంది. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏదీ పెట్టొద్దని, రాత్రి ఒకరు దగ్గరుండాలని చెప్పింది. "అట్ల కానే కాదని మాట ఇయ్యలేను. నిద్ర లేకపోతే మాత్రం ఆ గండం ఇంకా ఎక్కువ."

గోడకు ఆనుకుని నిలబడ్డ మంగ్త్యా అంతా విన్నాడు. బస్టాండుకు వచ్చాక, ఆ డాక్టరమ్మ కిష్ట్యాను కాటికి మోయలేదు కదా అని గొణిగాడు.

మామతో కోడలు ముఖాముఖి మాట్లాడే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. నీలా మొగుడు దేవేందర్ మేళ్లచెరువులో సిమెంటు లారీల మీద ఉంటాడు. ఉప్పు అయిపోయిందన్నా, మోటారు కాలిందన్నా సింధు నోటి ద్వారానే పోవాలి. "తాతకు చెప్పు బిడ్డా" అని తల్లి అంటే, పక్కనే ఉండి విన్న తాతకు పిల్ల మళ్లీ చెప్పేది. ఈ మధ్య పిల్ల మాట సగంలో మరిచిపోతే, ఇద్దరూ చెరోవైపు చూసేవారు.

తిరుమలగిరి బస్సు ఊరు దాటకముందే సింధు తల్లి ఒళ్లో వాలిపోయింది. ముందు సీట్లోంచి మంగ్త్యా వెనక్కి తిరిగాడు.

"సింధూ."

పలకలేదు. చెంప తట్టడానికి చెయ్యి చాచాడు. నీలా తన చెయ్యి అడ్డం పెట్టింది. తాతకు చెప్పమనడానికి అలవాటుగా నోరు తెరిచింది. చెప్పాల్సిన పిల్ల నిద్రపోతోంది.

"లేపకుండ్రి మామా."

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. తల మీది కొంగు జారినా సర్దుకోలేదు.

"పండుకోనియ్యుండ్రి. నేను సూస్తుంట. పక్కనే ఉంట."

మంగ్త్యా ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖాన్ని అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"నేను గూడ పక్కనే ఉన్న బిడ్డా, ఆ రాత్రి" అన్నాడు. "పక్కనే."

నీలా అడ్డం పెట్టిన చెయ్యి తియ్యలేదు.

ముసలాయన చెయ్యి వెనక్కి పోలేదు, చెంప దాకా రాలేదు. పిల్ల ముక్కు ముందు నిలిచింది. వేళ్లకు ఊపిరి తగిలింది. ఇంకో ఊపిరి కోసం ఆగాడు.